మ్యూజియం మనకు అందే చోట ఉండాలి

కొత్తగా జాతీయ మ్యూజియం కట్టాలంటే ముందు ఊరిబయట ఖాళీ స్థలమే గుర్తొస్తుంది. కార్లు పెట్టుకోడానికి బాగుంటుంది సరే, పిల్లల్ని చంకనేసుకుని రెండు బస్సులు మారే ఆడవాళ్ల సంగతేమిటి?

సాలార్‌జంగ్ మ్యూజియాన్నే చూడండి. 1951లో పాతబస్తీలోని దివాన్ దేవిడీలో మొదలైంది. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం పొందింది. 1968లో కొత్త భవనంలోకి మారినా మూసీ ఒడ్డునే, పాతబస్తీ గుమ్మంలోనే నిలిచింది. అందుకే లాడ్‌బజారుకు గాజుల కోసం వచ్చినవాళ్లూ ఓ పూట ఆగి మేలిముసుగు రెబెకాను, గంటలు కొట్టే గడియారాన్ని చూసి వెళ్లగలుగుతున్నారు.

1908 వరద చూసిన మూసీ పక్కన కట్టేటప్పుడు జాగ్రత్త తప్పనిసరే. దానికి పునాది ఎత్తు చేయాలిగానీ, మ్యూజియాన్ని జనానికి దూరం చేస్తే ఎలా? స్థలం చూసే కమిటీలో ఇద్దరు గృహిణుల్నీ కూర్చోబెట్టండి. బస్సెక్కడ ఆగుతుంది, మరుగుదొడ్డి ఎక్కడుంది అని మొదట అడిగేది వాళ్లే!