గాలి తీయబడును

పోయిన ఆదివారం హాస్టల్ మెస్సుల ముచ్చట సగంలో ఆపిన. మిగతాది వచ్చే వారం రాస్త. మధ్యలో ఒక బోర్డు అడ్డమొచ్చింది. దాని సంగతి తేల్చకుంటే ఇంకోటి రాయ బుద్ధయితలేదు.

"ఇంటి గేటు ముందు వాహనములు నిలుపరాదు. నిలిపినచో గాలి తీయబడును."

నల్లగొండల అయినా పాలమూరుల అయినా, కొంచెం పైసలున్న ఏ కాలనీలోకి తిరిగినా ఈ బోర్డు కనబడుతది. స్కూళ్ల ప్రకటనలు, ప్లాట్ల ప్రకటనలు గేట్లకు ఉచితంగ కొట్టిపోయే రేకుల మీద కూడ ఇదే వాక్యం. పైన స్కూల్ పేరు, కింద బెదిరింపు.

తెలుగు పాఠాలు చెప్పి బతుకుత కాబట్టి ముందుగాల ఆ క్రియ మీదనే కన్ను పడ్డది. "తీయబడును". కర్మణి ప్రయోగం. మనం మాట్లాడే తెలుగులో ఇది లేదు. మా అమ్మ ఎన్నడూ "అన్నం వండబడింది" అనలేదు, "వండిన, తినుండ్రి" అంటది. కర్త ఎవరో చెప్పొద్దు అనుకున్నప్పుడే మనకు ఈ "బడు" అక్కరకొస్తది. దరఖాస్తు తిరస్కరించబడినది. గుడిసెలు తొలగించబడినవి. ఫలానా కుటుంబం వెలివేయబడినది. ఎవరు తిరస్కరించిండ్రు, ఎవరు తొలగించిండ్రు, ఎవరు వెలివేసిండ్రు అంటే వాక్యంలో మనిషే ఉండడు. గాలి కూడ అట్లనే తీయబడుతది. ఎవరూ తియ్యరు.

రెండు నెలల కింద నా బండికి తీయబడింది. ఒక రిటైర్డు సార్ దగ్గర పాత పుస్తకం తీసుకుందామని ఒక కాలనీకి పోయిన. పేరు వద్దు. గేటుకు అడ్డం పెట్టలేదు, గోడ పక్కకు ఒదిగించి పెట్టిన. నలభై నిమిషాలకు బయటికొస్తే రెండు టైర్లూ నేలకంటుకొని ఉన్నయి. మేడ మీద నిలబడ్డాయన పైనుంచే అడిగిండు: "ఎవరు నువ్వు? ఏ ఊరు? ఎవరింటికొచ్చినవ్?" బండి ఎందుకు పెట్టినవ్ అని మాత్రం అడగలేదు, చూడుండ్రి. కాలేజీల లెక్చరర్‌ను అన్న. వెంటనే "నువ్వు" పోయి "మీరు" వచ్చింది. "మీరని తెల్వదు సార్. ఈ బండ్లోళ్లు, ఆటోలోళ్లు వచ్చి పెడుతున్నరు, వాళ్ల కోసం..." అని నసిగిండు.

అంటే బోర్డు బండికి కాదు, మనిషికి. ఏ మనిషికి అన్నది కూడ ఆయన నోటితోనే చెప్పిండు. ఆయన సొంత కారు మాత్రం గేటు బయట, రోడ్డు మీద, కవరు కప్పుకొని పండుకున్నది. టైర్ల కింద ఆకులు కుప్పపడ్డయి, కదిలి ఎన్ని రోజులైందో. గేటు ముందరి సిమెంటు ర్యాంపు మోరీ దాటి రోడ్డు మీదికి రెండు మూడు అడుగులు వచ్చింది. దాని పక్కన పూలకుండీలు.

బండి నూక్కుంట పంక్చర్ దుకాణానికి పోతే ఆ తమ్ముడు నన్ను చూడంగనే నవ్విండు. "ఆ గల్లీకి పోయినవా అన్నా? రోజూ ఇద్దరు ముగ్గురు వస్తరు. ఆ బోర్డులే నాకింత బువ్వ పెడుతున్నయి."

మా తాత సైకిల్ కొన్న కొత్తల్లో, గడి ముందర నుంచి పోయేటప్పుడు దిగి నడిపించుకుంట పోయేటోడు. చెప్పులు చేతిలోకి వచ్చేవి. నల్లగొండ పల్లెల్లో ఇది ఎవరి ఇంట్ల అడిగినా చెప్తరు, కొత్త సంగతి కాదు. అక్కడ బోర్డు ఉండేది కాదు. బోర్డు అవసరం పడేది కాదు. ఎవరు ఎక్కడ దిగాలెనో అందరికీ తెలుసు. పట్నంల ఎవరు ఎవరో తెలియదు కాబట్టి బోర్డు రాయాల్సి వచ్చింది, అంతే తేడా.

రోడ్డు మీద ఎవరు నడవాలె, ఎవరు నిలబడాలె అనేది మనకు చిన్న ముచ్చట కాదు. 1936 నాటి 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ పీష్వాల కాలపు పుణె గురించి రాస్తడు. హిందువు ఎదురొస్తుంటే నీడ పడొద్దని అంటరానోడు బజారులో నడవొద్దు. అడుగుజాడ తుడిచెయ్యనీకె నడుముకు చీపురు కట్టుకోవాలె. ఉమ్మనీకె మెడకు ముంత కట్టుకోవాలె. 1924 మార్చి 30న మొదలైన వైకోం సత్యాగ్రహం గుడి లోపలికి పోనీకె కాదు, గుడి చుట్టున్న రోడ్ల మీద నడవనీకె. ఇరవై నెలలు కొట్లాడితే మూడు దిక్కుల రోడ్లు తెరిచిండ్రు. తూర్పు రోడ్డు మాత్రం 1936లో ఆలయ ప్రవేశ ప్రకటన వచ్చేదాక అట్లనే ఉన్నది. రాజ్యాంగం 15(2)లో బావులు, చెరువులు, స్నానఘట్టాలతోపాటు రోడ్లను కూడ పేరు పెట్టి ఎందుకు రాసుకున్నమో మన పిల్లలు తెలుసుకోవాలె. ప్రభుత్వ సొమ్ముతో నడిచే రోడ్డు వాడుకోనీకె కులం, మతం, పుట్టిన చోటు పేరు మీద ఎవరినీ ఆపరాదు. "ఏ ఊరు నీది?" అనే ప్రశ్న ఎక్కడ తగులుతదో ఇప్పుడు ఆలోచించుండ్రి.

ఇక్కడ ఒక మిత్రుడు లేస్తడు, నాకు తెలుసు. "అన్నా, ప్రతిదాంట్ల కులమేనా? గేటు ముందు బండి పెడితే ముసలోళ్లను దవాఖానకు ఎట్ల తీస్కపోవాలె?" న్యాయమైన ప్రశ్న. గేటుకు అడ్డం పెట్టడం తప్పే, ట్రాఫిక్ నిబంధనలు కూడ తప్పే అంటయి. ఫంక్షన్ హాల్ పక్కన ఇల్లున్నోళ్ల బాధ నేను చూసిన. పెండ్లిళ్ల సీజన్ల వాళ్లింటికి వాళ్లే పోలేరు. అంబులెన్స్ రాలేని గల్లీలు ఉన్నయి. బండ్లు ఎక్కడ ఆగాలె, ఎక్కడ ఆగొద్దు అని నియమం ఉండాలె. అయితే ఆ నియమం ఎవరు పెట్టాలె? మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 117 ప్రకారం బండ్లు ఆగే చోట్లను ప్రభుత్వం గానీ, ప్రభుత్వం అధికారమిచ్చినోళ్లు గానీ, స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించాలె. అడ్డంగ ఉన్న బండిని తీయించాల్సింది పోలీసు. జరిమానా రాయాల్సింది కూడ పోలీసే. గేటు ఓనరు చట్టంలో ఎక్కడా లేడు. గొలుసు కట్టుడు, రాళ్లు పెట్టుడు, మేకు గుచ్చుడు ఇవేవీ లేవు.

ఇగ బండ్లు గల్లీల్లోకి ఎందుకొస్తున్నయో చూద్దాం. ఊరికే రావు. నల్లగొండ గడియారం చౌరస్తా, ప్రకాశం బజార్ బతికేది నల్లగొండోళ్లతోని కాదు. తిప్పర్తి, కనగల్, మునుగోడు దిక్కు నుంచి వచ్చేటోళ్లతోని. పాలమూరు క్లాక్ టవర్ దిక్కు దేవరకద్ర, హన్వాడ, కోయిలకొండ మనుషులు. బిడ్డ డెలివరీకి, కోర్టు వాయిదాకు, విత్తనాలకు, పెండ్లి బట్టలకు, కాలేజీ ఫీజుకు వస్తరు. వచ్చేది ఒక బండి మీద ముగ్గురు, లేకుంటే ట్రాలీ ఆటోల పది మంది. దవాఖాన ముందర ఆగుతరు. ఆ దవాఖాన బిల్డింగుకు పర్మిషన్ ఇచ్చేటప్పుడు నక్షాల సెల్లార్ పార్కింగుకు రాసుంటది. 2012 నాటి జీవో 168 భవన నిబంధనలల్ల ఎంత కడితే ఎంత జాగ పార్కింగుకు విడవాలెనో శాతాలతో సహా ఉన్నది. కట్టినంక ఆ సెల్లార్‌లో ల్యాబు వస్తది, మెడికల్ షాపు వస్తది. దానికి కిరాయి వస్తది. బండ్లు రోడ్డు మీదికొస్తయి. మెయిన్ రోడ్డు మీద పోలీసు ఫొటో తీసి చలాన్ వేస్తడు. భయపడి పక్క కాలనీలోకి తిప్పుతరు. అక్కడ గాలి తీయబడుతది.

సెల్లార్ మింగినోనికి నోటీసు లేదు, గాలి తీసినోనికి కేసు లేదు. భార్యను దవాఖానల చేర్పించి బండి నూక్కుంట పోయే కోయిలకొండ రైతుకు మాత్రం చలాను, పంక్చరు రెండూ.

రెండోసారి ఆ రైతు ఏం చేస్తడు? తప్పనిసరి పనికి వస్తడు. బట్టలు కొననీకె రాడు. హైవే మీద పెద్ద పార్కింగున్న షోరూముకో, ఏకంగా హైదరాబాదుకో పోతడు. బజారుల కిరాయి కట్టే చిన్న దుకాణపోడు, ఆయన దగ్గర పనిచేసే మన వాడ పిల్ల, దుకాణం ముందర పూలమ్మే అవ్వ ఒకరి వెనుక ఒకరు దెబ్బతింటరు. ఊరు చచ్చిపోవుడు ఒక్కసారి కాదు, ఇట్ల ఒక్కొక్క బేరం పోయి చచ్చిపోతది.

కాలనీ లోపల కూడ చూడుండ్రి. బోర్డులు పెట్టుడు మొదలైనంక అక్కడితో ఆగలేదు. కొన్ని చోట్ల కమిటీలు ఇనుప గేట్లు పెట్టినయి, "అమ్మకందారులకు ప్రవేశం లేదు" అని రాసినయి. మైకుల ఉల్లిగడ్డలు అని అరుచుకుంట వచ్చే ట్రాలీ బంద్. ఆకుకూరల గంప బంద్. పాత సామాన్లు కొనే తోపుడు బండి బంద్. పది గంటలకు మగోళ్లు డ్యూటీలకు పోయినంక ఆ గల్లీల పిట్ట గూడ ఉండదు. దొంగల భయం ఎక్కువైందని కెమెరాలు పెట్టుకున్నరు. 1961లో జేన్ జేకబ్స్ అనే ఆమె అమెరికా నగరాల గురించి పుస్తకం రాసింది. వీధిని కాపాడేది అక్కడ తిరిగే మనుషుల కండ్లే, దుకాణాల ముందర నిలబడి ముచ్చటపెట్టే వాళ్లే అని ఆమె వాదన. మా ఆకుకూరల అక్క ఆ పుస్తకం చదవలేదు గానీ, ఏ ఇంటి ముసలామె మూడు రోజుల నుంచి బయటికి రాలేదో ఆమెకు తెలుసు. కెమెరాకు తెల్వదు.

లెక్క కూడ చూద్దాం. ఒక కారు ఆగనీకె ప్లాన్లల్ల గీసే గడి 5 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు. పన్నెండున్నర చదరపు మీటర్లు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు తోపుడు బండి రెండుంబావు చదరపు మీటర్లు కూడ కాదు. కవరు కప్పి పండబెట్టిన ఒక్క కారు జాగల ఐదు కుటుంబాలు బతుకుతయి. కానీ "ట్రాఫిక్‌కు అడ్డం" అనే మాట కారుకు తగలదు, బండికే తగులుతది. వీధి విక్రేతల చట్టం వచ్చింది 2014లో. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాక ఎవరినీ లేపొద్దని దాంట్ల ఉన్నది. జనాభాలో 2.5 శాతం దాక అమ్మకందారులకు జాగ చూపాలెనని ఉన్నది. 2011 లెక్కల ప్రకారం నల్లగొండ జనాభా లక్షన్నర దాటింది. అంటే మూడున్నర వేల మందికి పైన. పట్టణ విక్రయ కమిటీల కనీసం 40 శాతం మంది అమ్ముకునేటోళ్లు ఎన్నుకున్నోళ్లే ఉండాలె, వాళ్లల్ల మూడో వంతు ఆడోళ్లు ఉండాలె, ఎస్సీ ఎస్టీలకు ప్రాతినిధ్యం ఉండాలె. 2020ల పీఎం స్వనిధి కింద పదివేల లోన్ ఇచ్చిండ్రు. బండికి అప్పిచ్చినోళ్లు బండి ఆపనీకె జాగ చూపాలె గదా.

మన సంఘాల మిత్రులతోని నాకు ఒక పేచీ ఉన్నది. పోయినసారి మీటింగుల "అందరికీ ఉచిత పార్కింగ్" అని డిమాండు రాసిండ్రు. నేను ఒప్పుకోలే. మన వాడల ఎన్ని ఇండ్లకు కార్లున్నయి? ఉచిత పార్కింగ్ అంటే కార్లున్నోళ్లకు రోడ్డు దానం చేసుడు. జపాన్‌ల 1962 నుంచి చట్టం ఉన్నది, కారు పెట్టుకోనీకె సొంత జాగనో కిరాయి జాగనో చూపిస్తేనే రిజిస్ట్రేషన్. లండన్‌ల చాలా వీధుల్లో సొంతింటి ముందర రోడ్డు మీద పెట్టనీకె కూడ కౌన్సిల్‌కు పైసలు కట్టి పర్మిట్ తీసుకోవాలె. రోడ్డు ఇంటాయనది కాదు అని ఒప్పుకున్న దేశాలవి. మనం అడగాల్సింది అది: సెల్లార్లు ఖాళీ చేయించుండ్రి, దవాఖానల దగ్గర పల్లె బండ్లకు తక్కువ ధరకు జాగ చూపుండ్రి, కాలనీ రోడ్డు మీద రాత్రింబవళ్లు కారు పెట్టేటోళ్ల దగ్గర పైసలు వసూలు చేయుండ్రి, బండ్లోళ్ల జాగ గీతలు గీసి చూపుండ్రి.

విద్యార్థులకు ఒక పని. మీ మున్సిపాలిటీకి సమాచార హక్కు కింద మూడు ప్రశ్నలతో దరఖాస్తు పెట్టుండ్రి. విక్రయ కమిటీ చివరి సమావేశం ఏ తేదీన జరిగింది? దాంట్ల ఎన్నికైన ఎస్సీ ఎస్టీ సభ్యులు ఎందరు? గత ఐదేండ్లల్ల సెల్లార్ దుర్వినియోగం మీద ఇచ్చిన నోటీసులు ఎన్ని? వచ్చిన జవాబు ఫొటో తీసి ఇక్కడ పెట్టుండ్రి.

ఇంకోటి చెప్పకుండ ముగిస్తే దొంగతనమైతది. ఈ బోర్డులు పెట్టినోళ్లల్ల మనోళ్లు కూడ ఉన్నరు. రిజర్వేషన్‌తోని ఉద్యోగమొచ్చి, లోన్ తీసుకొని ప్లాట్ కొని, గృహప్రవేశం నాడు హాల్ల అంబేడ్కర్ ఫొటో పెట్టి, మర్నాడు గేటుకు అదే రేకు కొట్టిండ్రు. నేను కిరాయికుండే ఇంటి గేటుకు కూడ ఉన్నది. నాలుగేండ్లుగ దాని కిందనే నా బండి పెట్టుకుంటున్న, ఒక్కనాడు చదవలేదు. నా టైర్లు పోయినంకనే చదివిన.

మొన్న ఓనరును అడిగిన, అది పీకేద్దామా అని. ఆయన చాయ్ తాగుకుంట నా దిక్కు చూసిండు. "పీకుడు ఎంతసేపు సార్. రేపటి నుంచి మీ బండి యాడ పెడుతరో చెప్పుండ్రి ముందుగాల." రెండు రోజులు ఆలోచించి, కనీసం రెండో వాక్యమన్న కొట్టేద్దామన్న. ఒప్పుకున్నడు. నల్ల పెయింట్ చిన్న డబ్బా తెచ్చిన. "గాలి తీయబడును" మీద గీత కొట్టిన గానీ పాత అక్షరాలు ఎండకు ఇంకా కనబడుతనే ఉన్నయి. ఇంకో కోటింగ్ వెయ్యాలె.