శాలువలును జీతములును

మా ఆత్మకూరులో ఒక పెద్దమనుష్యులు కలరు. స్త్రీవిద్యకు అనుకూలురు, కట్నమునకు ప్రతికూలురు, కూతుళ్లనిద్దఱిని పట్టభద్రులను చేసినవారు. 2025 నవంబరు 2వ తేదీన, కడప జిల్లా బిడ్డ శ్రీచరణి ఆడిన భారత మహిళల క్రికెట్టు జట్టు ప్రపంచపు కప్పు గెలిచినప్పుడు, వీధివారికెల్ల మిఠాయి పంచిరి. మఱి పది దినములకు, ఎనిమిదవ తరగతి చదువుచున్న వారి మనుమరాలు సాయంకాలము మైదానములో ఫుట్‌బాలు ఆడుచున్నదని విని, "ఇక చాలు తల్లీ, పెద్దదానవైతివి" అని ఇంటికి పిలిపించుకొనిరి. ఇదియేమి న్యాయమని నేనడిగితిని. "అయ్యా, ఆ అమ్మాయి సంగతి వేఱు. మన పిల్ల ఆడెడి ఆటలో అన్నము పుట్టునా?" యని వారు నన్నే ప్రశ్నించిరి.

ఇట్టి ప్రశ్నకు మన సంస్కర్తలు తఱచుగా చెప్పు సమాధానమొకటి కలదు: ఆట వలన ఆరోగ్యము, ధైర్యము, ఐకమత్యము కలుగునని. అది సత్యమే కాని సమాధానము కాదు. వారు అడిగినది అన్నమును గూర్చి. వానను నమ్మి సేద్యము చేయు సీమలో బిడ్డ ప్రొద్దు దేనికి వినియోగపడవలెనని లెక్కచూచుట నేరము కాదు. ఆడపిల్ల ఆటకు జీతము కలదా? లేనిచో ఏల లేదు? ఎవరు ఈయవలెను? ఈ మాట తేల్చని సంస్కరణము సభలలో శాలువలు కప్పుటకు మాత్రమే పనికివచ్చును.

జీతము పుట్టించిన దేశమొకటి కలదు గనుక దాని వృత్తాంతము చూతము. జపానులోని కోబె నగరమున ఐనాక్ కోబె లియొనెస్సా యను స్త్రీల ఫుట్‌బాలు క్లబ్బు 2001లో ఏర్పడినది. 2011 జూలై 17న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో అమెరికాను ఓడించి ప్రపంచపు కప్పు గెలిచిన జపాను జట్టులో ఏడుగురు ఈ క్లబ్బువారే. నాయకురాలు హొమారె సావా వారిలో ఒకతె. అంతటి జట్టులోని వారందఱును ఆటమీదనే బ్రదుకుచుండిరని తలంతురేమో! కాదు. జపానులో స్త్రీల లీగు 1989లోనే ప్రారంభమైనను, అందలి జట్లలో పెక్కు వాణిజ్యసంస్థల పోషణలోనివి. చాలమందికి పగలు కొలువు, సాయంకాలము అభ్యాసము. 1990ల చివర వ్యాపారములు మందగింపగా నిక్కో, ఫుజితా వంటి సంస్థలు తమ జట్లను రద్దుచేసికొనినవి. ఏలినవారికి కలిమి యున్నన్నాళ్లు ఆట. అది తగ్గిన నాడు ఇంటికి.

ఫుకుషిమా ప్రాంతపు కథ మఱింత విచారకరము. టోక్యో విద్యుత్ సంస్థ మరీజె యను జట్టును పోషించుచుండెడిది. కరీనా మారుయామా యను ఆటగత్తె ఒకప్పుడు ఆ జట్టులో ఆడుచు, ఆ సంస్థవారి అణువిద్యుత్కేంద్రముననే ఉద్యోగము చేసినది. 2011 మార్చిలో భూకంపమును సముద్రపుటుప్పెనయు వచ్చి ఆ కేంద్రము ధ్వంసమాయెను. జట్టు నిలిచిపోయినది, ఆ పేరుతో మరల లేవలేదు. ఆటగత్తెలలో పలువురు మఱుసటి యేట సెండాయి నగరపు క్లబ్బునకు చేరవలసివచ్చెను. ఆ యుప్పెన వచ్చిన నాలుగు నెలలకు, ప్రపంచపు పోటీలో జర్మనీని ఓడించి యింటికి పంపిన ఒకే ఒక గోలు కొట్టినది ఈ మారుయామాయే.

ఇంత గెలిచిన పిమ్మటనైన వారికి వెంటనే వృత్తిలీగు వచ్చినదా? రాలేదు. పదియేండ్లు పట్టినది. 2021 సెప్టెంబరులో పదునొకండు క్లబ్బులతో వీ లీగు మొదలయ్యెను. మొదటి విజేత కోబె క్లబ్బే. ఆ లీగు పెట్టిన నిబంధనలే మనము చదువవలసినవి. ప్రతి క్లబ్బును కనీసము పదునైదుగురు క్రీడాకారిణులతో వృత్తి ఒప్పందము చేసికొనవలెను. కనీసపు జీతము ఏటికి 27 లక్షల యెన్‌లు. క్లబ్బు నడపు సిబ్బందిలో సగముమంది స్త్రీలుండవలెను. ఇందు దయ, ఔదార్యము అను మాటలు లేవు; ఒప్పందమను మాట యొక్కటే కలదు. తలచినంతమంది ప్రేక్షకులు రాలేదు, నిజమే.

ప్రేక్షకులు రారు గనుక జీతము లేదను వాదము ఎంత పాతదో, అంత కల్ల. 1920 డిసెంబరు 26న ఇంగ్లండులోని లివర్‌పూలు నగరమున స్త్రీల ఫుట్‌బాలు చూచుటకు 53 వేలమంది వచ్చిరి. మఱుసటి డిసెంబరులోనే అక్కడి ఫుట్‌బాలు సంఘమువారు, ఈ యాట స్త్రీలకు తగదని, తమ సభ్యక్లబ్బుల మైదానములు వారికి ఈయరాదని శాసించిరి. ఆ నిషేధము సుమారు అర్ధశతాబ్దము నడిచెను. జనము రాకపోవుట కాదు, జనము వచ్చుటయే వారికి కంటగింపైనదేమో యని నా యనుమానము.

ఇక మన సంగతి. భారత మహిళల లీగు మొదటి పోటీ 2017లో ముగిసినది. 2023లో అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్యవారు, ప్రథమశ్రేణి క్లబ్బులు కనీసము పదుగురు భారతీయ క్రీడాకారిణులకు ఏటికి 3 లక్షల 20 వేల రూపాయలకు తక్కువకాని జీతముతో ఒప్పందమీయవలెనని నిర్ణయించిరి. కావున మా పెద్దమనుష్యుల ప్రశ్నకు జవాబు కలదు: అన్నము పుట్టును. కాని మన యింట పుట్టదు. 2024-25 పోటీలో ప్రథమశ్రేణియందు కేరళము, వంగదేశము, తమిళనాడు మున్నగువాని క్లబ్బులుండగా తెలుగువారి క్లబ్బు ఒక్కటియు లేదు. నిజామాబాదు జిల్లా తండాబిడ్డ సౌమ్య గుగులోతు 2022లో క్రొయేషియాలోని జాగ్రెబునకు పోయినది. తరువాత కలకత్తా ఈస్టు బెంగాలు పక్షమున ఆడి 2024-25 లీగు గెలిచిన జట్టులో నుండెను. ఆ యేటి ఉత్తమ క్రీడాకారిణిగా సమాఖ్యవారి సత్కారమును పొందెను. మనము చేసినదేమి? పత్రికలో బొమ్మ చూచి మన బిడ్డయే యని మురిసితిమి.

"ముందు గెలువనీ, పిమ్మట చూతము" అనువారికి నాదొక మనవి. మన సీమలో తిరునాళ్లకు బండలాగుడు పోటీలు జరుగును. ఆ యెడ్లకు ఉలవలు, పత్తిగింజలు ఎప్పుడు పెట్టుచున్నారు? గెలిచిన పిమ్మటనా? ఏడాది పొడుగున మేపి, కడిగి, నడిపించి, గిత్తలను కంటికి ఱెప్పవలె చూచుకొని అప్పుడు గదా బండకు కట్టుదురు! ఓడిన జత యజమాని సయితము మఱుసటి యేటికి ఉలవలు మానడు. ఇంత తెలిసిన రైతుజాతి ఆడపిల్లను మాత్రము, నీవు ముందు బండ లాగుము, ఉలవల మాట తరువాత, అనుచున్నది. కప్పుతో వచ్చిన శ్రీచరణికి ధనము, ఉద్యోగము, ఇంటి స్థలము ప్రకటించిన ప్రభుత్వమును తప్పుపట్టను. కాని 2024 డిసెంబరులోనే ఢిల్లీ జట్టువారు ఆమెను 55 లక్షలకు తీసికొనిరి. అనగా క్రికెట్టులో స్త్రీలకు జీతమిచ్చు లీగు కప్పునకు ముందే పుట్టియున్నది. ఆ వరుసయే సరియైనది.

బట్టలను గూర్చిన ఆక్షేపణకు వ్యర్థముగా కాగితము ఖర్చుచేయను. చేలలో చీర ఎగగట్టి నాట్లు వేయు స్త్రీలను చూచి ఎన్నడును తల వంచుకొనని కన్నులకు లాగు మాత్రమే అభ్యంతరమైనచో వైద్యుని చూడవలసినది ఆ కన్నులే.

కోబె క్లబ్బును మా ఊరికి తెమ్మని నేననుట లేదు. కావలసినది చిన్నది. వారమున మూడు సాయంకాలములు మైదానము బాలికలది కావలెను. ఆ వేళ మగపిల్లలు గోడమీద కూర్చుండి చూతురు గాక. ఒక శిక్షకురాలిని నియమించి, నెలనెలకు జీతమీయవలెను. గౌరవవేతనమని పేరుపెట్టి యేటికొకసారి విదల్చునది కాదు. ఊరి మైదానములో ఆట వలన జీతము తీసికొను స్త్రీ యొకతె కనబడిననాడు మా పెద్దమనుష్యుల ప్రశ్న సగము తీఱును. అనంతపురమున ఆర్‌డీటీ సంస్థవారు బాలికలకు ఫుట్‌బాలు నేర్పుచునే యున్నారు. ఆ త్రోవ మనకు దూరము కాదు.

ధనమెక్కడిదందురా? బండలాగుడు పోటీల దాతల పట్టికలో ఏటేట నా పేరును ఉండెడిది. ఈ యేడు ఉండదు. ఆ సొమ్ము శిక్షకురాలి మొదటి నెల జీతమునకు వేఱుగా తీసియుంచితిని. తక్కిన పదునొకండు నెలలకు పట్టిక తెఱచినాను. మొదట మా పెద్దమనుష్యుల యింటికే తీసికొనిపోవుచున్నాను.