జీతం లేని సైన్యానికి ధరెంత?

మెడీవల్ 2: టోటల్ వార్ అనే కంప్యూటర్ ఆట 2006లో మార్కెట్లోకి వచ్చింది. అందులో లేని రాజ్యాలను, సైన్యాలను అభిమానులే తయారుచేసి చేర్చుకుంటున్నారు. 'మోడ్'లుగా పిలిచే ఈ మార్పులు చేయడానికి మరీ పెద్ద విద్యలేమీ అక్కర్లేదు. ఒక్కో దళానికీ ఒక పట్టీ ఉంటుంది: దాడి బలం, కవచం, మనోస్థైర్యం, నియామకపు ఖర్చు, పోషణ ఖర్చు. అంకెలు మారిస్తే కొత్త దళం సిద్ధం.

కాకతీయుల సైన్యానికైతే పట్టీ నింపడం కష్టం కాదు. ఏనుగులు, గుర్రాలు, నాయంకరుల బలగాల గురించి చరిత్రకారులు కావలసినంత రాశారు. (2022లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో చేరిన ద్రావిడులకు దక్కిన ప్రత్యేక దళం మాత్రం ఉరుమి కత్తులవారు. అందులో ఓరుగల్లు వాటా ఏమిటో వెతుక్కోవాల్సిందే.) 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతి తీరానికి చేరి బస్తర్ రాజవంశాన్ని నెలకొల్పాడన్నది అక్కడి సంప్రదాయ కథనం. చిక్కంతా ఆ రాజుల కింద బతికిన మాడియా, మురియా, ధుర్వా జనంతోనే. విల్లు, బాణం, గొడ్డలి, కవచం సున్నా, చవక అని రాసి పడేయడం తేలిక. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటును చూస్తే ఆ పట్టీ ఎందుకూ పనికిరాదని తెలుస్తుంది.

మూడింట రెండొంతుల అడవిని రిజర్వు చేసి, పోడు, వేట, అటవీ ఉత్పత్తుల సేకరణను ఆపాలని 1905లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రతిపాదించింది. వెట్టిచాకిరీ అప్పటికే ఉంది. దానికి 1907-08 కరువు తోడైంది. మామిడి కొమ్మలు, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి తిరగడం మొదలైంది. అదే సైన్య సమీకరణ ఉత్తర్వు. దండు కట్టడానికి ఖజానా లేదు. తిరుగుబాటు ఖర్చుకు ప్రతి ఊరూ ఎంతో కొంత ఇచ్చింది. ఆటలో దళాలు పుట్టేది బ్యారక్స్‌లో. ఇక్కడ అంతా సంతల్లో మొదలైంది. బజార్లు దోచారు, అధికారుల, వర్తకుల ఇళ్లు, బడులు, పోలీసు స్టేషన్లు తగలబెట్టారు, ధాన్యాన్ని పంచిపెట్టారు. ధాన్యం పంచే విద్యకు ఏ యూనిట్ పట్టీలోనూ గడి ఉండదు.

గెలుపోటముల లెక్కా ఆటకు లొంగదు. తిరుగుబాటును అణచడానికి బ్రిటిష్ వారికి ఫిబ్రవరి నుంచి మే దాకా పట్టింది. నేతానార్‌కు చెందిన గుండాధుర్ మాత్రం చివరిదాకా చిక్కలేదు. రిజర్వు పనులు కొంతకాలం నిలిచిపోయాయి. రిజర్వు చేయాల్సిన విస్తీర్ణం ముందు అనుకున్నదాంట్లో దాదాపు సగానికి తగ్గింది. టోటల్ వార్ తెర మీద ఆ దండు ఓడినట్టే లెక్క. అడవిలో సగం మిగుల్చుకున్నవాళ్లను ఓడినవాళ్లనడం ఎలా?

కాబట్టి మోడ్ తయారుచేసేవారు భూమ్‌కాల్ దండుకు ముందుగా నియామకపు ఖర్చు సున్నా చేయాలి. ఊరు దూరమైన కొద్దీ, విత్తనాల కాలం దగ్గరపడిన కొద్దీ దండు పలచబడేలా చూడాలి. వేషం, విల్లు బొమ్మ ఆ తర్వాతి సంగతి.

ఖర్చు గడిని నింపే పని బస్తర్‌లో ఆటగాళ్లకంటే ముందు ప్రభుత్వమే చేసింది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఆదివాసీ యువకులను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా చేర్చుకుని తుపాకులిచ్చారు. కొందరికి 'కోయ కమాండోలు' అన్న పేరూ పడింది. గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. చదువు అయిదో తరగతి చాలు. వాళ్లను మావోయిస్టులపై పోరుకు వాడరాదని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఇంకో చట్టం తెచ్చి వాళ్లను సహాయక సాయుధ పోలీసు దళంలోకి తీసుకుంది. స్పెషల్ పోలీస్ ఆఫీసర్ కాస్తా సహాయక కానిస్టేబుల్ అయ్యాడు. ఆటల్లో దీన్ని 'అప్‌గ్రేడ్' అంటారు.