గ్రీటా వంతెన, మూసీ నీళ్ళు

నీటిరంగుల బొమ్మల మాట వస్తే అందరూ టర్నర్ పేరే ఎత్తుతారు. నా ఓటు మాత్రం జాన్ సెల్ కాట్‌మన్‌కి. 1805 ప్రాంతంలో ఆయన వేసిన 'గ్రీటా బ్రిడ్జ్' బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నెట్‌లో వెంటనే దొరుకుతుంది, ఓసారి చూసి రండి. అడుగు కన్నా కాస్త ఎక్కువ వెడల్పు, అంతే. ఒక్క కమాను ఉన్న రాతి వంతెన, పక్కన ఇల్లు, వెనక చెట్లు, ముందు నది. రొమాంటిక్ కాలం అనగానే మనం ఊహించుకునే తుఫాన్లూ, మునిగిపోయే ఓడలూ ఏవీ లేవు. పలచటి రంగు పూతలు పరిచాడు, ఆకులు లెక్కపెట్టే పని పెట్టుకోలేదు. అప్పటికి ఇరవై దాటిన కుర్రాడే!

అన్నట్టు అదేమీ పాడుబడ్డ వంతెన కాదు. 1773లో కట్టింది. గుర్రబ్బళ్ళు ఆగే మజిలీ అది. ఒకరకంగా ఆ కాలపు నార్కట్‌పల్లి అనుకోండి. పేరు వంతెనదే గానీ, బొమ్మలో ముందుభాగమంతా నీళ్ళదే. ఆ నీళ్ళు తీసేస్తే మిగిలేది ఉత్త గోడ.

విజయవాడ వెళ్తూ నార్కట్‌పల్లిలో టీకి ఆగే వాళ్ళం మనలో చాలామందే ఉన్నాం. అక్కణ్ణుంచి నకిరేకల్, కేతేపల్లి దాటాక, సూర్యాపేట లోపే మూసీ వంతెన వస్తుంది. దాన్ని కాట్‌మన్ పద్ధతిలో వెయ్యాలంటే కాంక్రీటుతో పేచీ లేదు. నీళ్ళకి ఏ రంగు వెయ్యాలన్నదే పేచీ. అనంతగిరి కొండల్లో పుట్టిన నది హైదరాబాద్‌లో మన మురుగంతా మోసుకుని, నురగలు కక్కుతూ నల్గొండ జిల్లాలోకి వస్తుంది. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేలోపు ఒడ్డునున్న ఊళ్ళు ఆ నీళ్ళతోనే వరి పండించుకుంటాయి. పోనీ బోరు వేసుకుందామా అంటే ఈ జిల్లాలో ఫ్లోరైడ్ బాధ మీకు తెలిసిందే.

మూసీ అభివృద్ధికి 2017లోనే ఒక కార్పొరేషన్ పెట్టారు. ఆ మాట వచ్చినప్పుడల్లా కంప్యూటర్లో గీసిన బొమ్మలు ఫార్వర్డ్ అవుతుంటాయి: ఒడ్డున నడకదారులు, లైట్లు, కొత్త వంతెనలు. నీళ్ళు మాత్రం ఎప్పుడూ నీలమే! బ్యాకెండ్ రాయకుండా స్క్రీన్లు చూపించే డెమోలు మనకి కొత్తా ఏంటి? మురుగు శుద్ధి చెయ్యడం ఫోటోలో పడదు, అందుకే అది ఎప్పుడూ వెనకబడుతుంది. నన్నడిగితే టెస్టింగ్ హైదరాబాద్‌లో పెట్టకూడదు. కేతేపల్లి దాటాక, ఆ వంతెన కిందికి దిగి, ఒక గాజుగ్లాసుతో నీళ్ళు ముంచి చూడాలి. డబ్బు లెక్కలు ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.