క్రేను దండుగా?

"మన పూర్వులు క్రేన్లు లేకుండానే గోపురాలు కట్టారు" అన్న మాటంత సుఖంగా నాలుక మీద ఆడే మాట మరొకటి లేదు. ఈ మాటను నేను పండితుల నోటా విన్నాను, పామరుల నోటా విన్నాను. కడపటిసారి విన్నది తిరుమల కొండమీద, ఒక రేకుల షెడ్డు పని జరుగుతున్న చోట. నలభై అడుగుల ఇనుప ట్రస్సును రెండు గుంజలకు కప్పీలు కట్టి, పదిమంది మోకులు పట్టి లాగుతున్నారు. పైన గోడ మీద, నడుముకు తాడైనా లేకుండా, ఇద్దరు దానిని అందుకోవడానికి నిలబడి ఉన్నారు. క్రేను ఎందుకు తెప్పించలేదని అడిగితే గుత్తేదారు, "కాళహస్తి గాలిగోపురం క్రేను పెట్టి కట్టినారా సార్?" అన్నాడు. చుట్టూ ఉన్నవారు మెచ్చుకోలుగా నవ్వారు.

శ్రీకాళహస్తి గోపురాన్ని 1516లో కృష్ణదేవరాయలు కట్టించాడు. 2010 మే 26న అది కూలింది. ఆ సంగతి అలా ఉంచుదాం. దాదాపు ఐదు వందల యేండ్లు నిలిచిన కట్టడాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని రాతి కట్టడానికీ ట్రస్సుకూ పోలిక ఎక్కడ? రాయిని వరుస మీద పెట్టిన మరుక్షణం తన బరువే దానిని నిలబెడుతుంది. ట్రస్సు స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. అది తన తలంలో ఏనుగంత బలమైనది, పక్కవాటుగా తాటాకంత బలహీనమైనది. పక్క ట్రస్సుతో పర్లిన్లూ బ్రేసింగులూ కలిసేదాకా అది కట్టడమే కాదు, గోడ మీద అంచున నిలబెట్టిన పలక. మొదటి ట్రస్సును రెండు వైపులా తాళ్ళతో బిగించి కట్టే వరకూ, రెండవదాన్ని దానితో కలిపే వరకూ కొక్కెం విడువరాదు. ఆ పది నిమిషాలూ దాన్ని కదలకుండా పట్టి ఉంచడానికే క్రేను. పదిమంది చేతులు పట్టి ఉంచలేవా అంటే, ఒకడి చేయి జారితే చాలు, తక్కిన తొమ్మిదిమంది బలమూ ట్రస్సును మెలితిప్పడానికే పనికివస్తుంది.

పూర్వులకు తొందర లేదు. మనకు బ్రహ్మోత్సవాల లోపల పూర్తి కావాలి. అదీగాక, శాసనాలలో రాజుల పేర్లూ దాతల పేర్లూ ఉన్నాయి గాని, రాళ్ళు ఎత్తుతూ నడుములు విరిగినవారి లెక్క ఏ శాసనంలో ఉంది? ఆ లెక్క తెలియకుండా వారి పద్ధతిని నిరపాయమని ఎలా అంటాం?

ఘాట్ రోడ్డు మలుపుల్లో క్రేను ఎక్కదని ఇంకొక సాకు. 1944లో మొదటి రోడ్డు, 1974లో రెండవది పడ్డాయి. ఆ షెడ్డు ఇనుము లారీలలో ఏ దారిన వచ్చిందో ఆ దారినే లారీ మీద అమర్చిన క్రేనూ వస్తుంది. ఒక మధ్యతరగతి షెడ్డుకు అంతకు మించినది అక్కరలేదు.

క్రేను కూలినా మనుషులు పోతారు కదా అని మిత్రులొకరు అన్నారు. నిజమే. 1999 జులై 14న అమెరికాలోని మిల్వాకీలో, ఒక క్రీడామైదానానికి 450 టన్నుల పైచిలుకు కప్పు భాగాన్ని ఎత్తుతుండగా 'బిగ్ బ్లూ' అనే మహాక్రేను కూలి ముగ్గురు మరణించారు. క్రేను మీద గాలి ఎంతో చూసుకున్నారు గాని, కొక్కేనికి వేలాడే ఆ విశాలమైన కప్పును గాలి ఎంతగా నెడుతుందో సరిగా లెక్కించలేదు. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కొత్త క్రేనును బరువుతో పరీక్షిస్తుండగా కూలి 11 మంది చనిపోయారు. కనుక క్రేను తెస్తే చాలని నేననడం లేదు. 'పద్నాలుగు టన్నుల హైడ్రా' అంటే బరువు చక్రాల దగ్గరగా ఉన్నప్పుడు మాత్రమే పద్నాలుగు టన్నులు. చేయి చాచినకొద్దీ ఆ శక్తి వేగంగా తరిగిపోతుంది. ఈ పట్టిక డ్రైవరు పక్కనే అంటించి ఉంటుంది, చదివేవారే లేరు. రెండువేల అడుగులకు పైబడిన కొండ మీద గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ట్రస్సు రెండు కొసలకూ తాళ్ళు కట్టి నేల మీది నుంచే అదుపు చేయాలి. దాని కింద ఎవరూ ఉండకూడదు.

ఇవేవీ కొత్త విషయాలు కావు. ఇనుప కట్టడాలను నిలబెట్టడంలో పాటించవలసిన జాగ్రత్తల మీద ఐఎస్ 7205 అనే ప్రమాణం 1974లోనే వచ్చింది. నిర్మాణ కార్మికుల కోసం 1996లో పార్లమెంటు చట్టమే చేసింది. మరి ఎందుకు జరగదు? నా ఉద్దేశంలో కారణం అజ్ఞానం కాదు, అంచనాపత్రం. ఇనుప పనికి 'తయారుచేసి, ఎత్తి, బిగించుటకు' అంతా కలిపి కిలోకు ఇంత అని ధర కడతారు. క్రేను అద్దె అందులో కరిగిపోతుంది. తెప్పించకపోతే ఆ సొమ్ము గుత్తేదారుకు మిగులు. పూర్వుల ప్రస్తావన ఆ మిగులుకు వేసిన పట్టుశాలువ.

ఎత్తుబడికి వేరే పద్దు పెట్టండి. క్రేను వచ్చిన రోజుకే డబ్బు, రాని రోజుకు సున్న. గోడ మీద నిలబడే ఇద్దరికీ బెల్టులు అదే పద్దులో రాయండి. కొండమీద పనులు చూసే ఇంజనీర్లు ఎవరైనా దీనికి అడ్డుచెప్పదలిస్తే చెప్పండి, వింటాను. గాలిగోపురం ఊసు మాత్రం ఎత్తవద్దు.