రెండున్నర రూపాయల మాట ఆపండి

శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు కేంద్ర మంత్రివర్గం 2025 జనవరి 16న రూ.3,984.86 కోట్లు మంజూరు చేసింది. ఖర్చును లక్షలతో సహా తేల్చిన ప్రకటన, ప్రయోజనం దగ్గరికొచ్చేసరికి ప్రయోగాలు పెరుగుతాయని, మానవసహిత యాత్రలకు ఊతమిస్తుందని చెప్పిందే తప్ప లెక్క చూపలేదు. ఇంత సొమ్ము దేనికని అడిగినవారికి అప్పటికి కొన్ని నెలలుగా ఒకటే సమాధానం. అంతరిక్షం మీద పెట్టిన ప్రతి రూపాయీ రెండున్నర రూపాయలై తిరిగొస్తోందని ఇస్రో అధిపతి హోదాలో ఎస్.సోమనాథే చెప్పారు. ప్రజలను ఇంతగా తప్పుదారి పట్టించే లెక్క మరొకటి లేదు.

2024 ఆగస్టులో వెల్లడైన నోవాస్పేస్ సంస్థ అధ్యయనం చెప్పింది వేరు. అంతరిక్ష రంగంలో ఒక డాలరు విలువ ఉత్పత్తయితే, దేశ ఆర్థిక వ్యవస్థపై 2.54 డాలర్ల ప్రభావం ఉంటుందని. అది కాస్తా ఖజానా పెట్టిన రూపాయికి వచ్చిన రాబడిగా మారిపోయింది. గుత్తేదారుకు ఇచ్చిన సొమ్ము కూలీకి, కూలీ నుంచి శ్రీహరికోట పక్కనున్న సూళ్లూరుపేట కిరాణా కొట్టుకు, అక్కడి నుంచి ఇంకొకరికి చేరుతుంది. కాలువ తవ్వినా, బడి కట్టినా రూపాయి ఇలాగే చేతులు మారుతుంది. అందులో రాకెట్ గొప్పేముంది? ప్రయోజనాలను నిజాయతీగా బేరీజు వేస్తే కూలి, సిమెంటు, ఉక్కు అన్నీ ఖర్చు కిందికే వస్తాయి. వాటినే లాభం కింద రాస్తే, వేదిక వ్యయం రెట్టింపైతే దేశానికి మేలూ రెట్టింపైందని ఒప్పుకోవాలి! పైగా గడిచిన పదేళ్ల సగటు, రేపు కట్టబోయే వేదిక గురించి ఏమీ చెప్పదు.

నిజమైన ప్రయోజనాలు లేక కాదు. 1977 దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. 2014లో హుద్‌హుద్ తుపాను రాకను ఉపగ్రహాలతో రోజుల ముందే పసిగట్టి తీరాన్ని ఖాళీ చేయించగలిగాం. చేపలు ఎక్కడ దొరుకుతాయో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహాల సాయంతో చెబుతోంది. మిగిలిన ప్రాణాలను, ఆదా అయిన డీజిల్‌ను లెక్కించవచ్చు. లెక్కించాలి కూడా. అయితే అవి ఉన్న వేదికలతోనే సాధించినవి. మూడోది అదనంగా ఏమిస్తుందన్నదే ప్రశ్న. భారీ రాకెట్ ఎల్‌వీఎం3కి రెండో వేదిక ఒక్కటే దిక్కు, దానికేమైనా అయితే మానవసహిత యాత్ర గగన్‌యాన్ ఆగిపోతుందన్న వాదన బలమైనదే. దాన్నే ముందుపెట్టి మాట్లాడాల్సింది.

రెండో వైపు ఖర్చు మాటేమిటి? ప్రయోగం రోజున ఈ తీరంలో వేటకు వెళ్లొద్దంటారు. ప్రయోగాలు పెంచడమే లక్ష్యమైనప్పుడు పడవలు ఒడ్డున ఉండే రోజులూ పెరుగుతాయి. ఆ పూట కూడు పోగొట్టుకునేవారి నష్టం ఎక్కడ రాశారు? పులికాట్ సరస్సుకు వచ్చే పక్షులు, శ్రీహరికోట దీవి అంతరిక్ష కేంద్రం షార్‌కు వెళ్లినప్పుడు అడవి దూరమైన యానాది గిరిజనులు ఆ 2.54లో ఎక్కడున్నారు?

పనులు అప్పగించేలోగా మూడో వేదిక లాభనష్టాల మదింపును, మత్స్యకారుల నష్టాన్ని కలిపి, తెలుగులో సూళ్లూరుపేట ప్రజల ముందు పెట్టాలి. దానిపై తడ, వాకాడు పల్లెల్లో అభ్యంతరాలు వినాలి. వేట ఆగిన ప్రతి రోజుకూ పరిహారాన్ని ప్రాజెక్టు వ్యయంలోనే చేర్చాలి.