రెండు బొమ్మలు కలిసే చోటు

ఈ వారం కొత్త యాప్ గురించి కాదు, ఒక పాత కెమెరా గురించి.

సంక్రాంతికి జగిత్యాల వెళ్లినప్పుడు పెద్దబాపు బీరువాలో తోలు కవరు ఒకటి కనిపించింది. లోపల యాషికా ఎలక్ట్రో 35. గల్ఫ్‌లో పనిచేసే రోజుల్లో మస్కట్‌లో కొన్నాడట. ముప్పావు కిలో బరువు. మా ఇంట్లోని పాత పెళ్లి ఫొటోల్లో సగం దాంతో తీసినవే.

"మరి ఎందుకు పక్కన పెట్టినవ్?" అనడిగా.

"రెండు బొమ్మలు కలుస్తలేవురా. కండ్లు మసకబారినయ్. ఇగ ఫొటోలు మనతోని కాదనుకున్న" అన్నాడు. పదిహేనేళ్లుగా అదే అనుకుంటున్నాడు. శుక్లాల ఆపరేషనయ్యి, రోజూ పేపర్ మొత్తం చదివే మనిషి!

ఇంతకీ ఏంటా రెండు బొమ్మలు? చూపుడు వేలు ముక్కు ముందు పెట్టండి. ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి. వేలు అటూ ఇటూ గెంతుతుంది కదా? చెయ్యి బాగా చాపి చూస్తే గెంతు తగ్గుతుంది. అంటే గెంతు ఎంతో తెలిస్తే దూరం ఎంతో తెలిసినట్టే. రేంజ్‌ఫైండర్ కెమెరా నడిచేది ఈ లెక్క మీదే.

కెమెరా ముందువైపు రెండు కిటికీలుంటాయి. ఒక దాంట్లోంచి మనం నేరుగా చూస్తాం. రెండో దాంట్లోంచి వచ్చిన వెలుగు అద్దం మీద పడి పక్కకి తిరిగి, సగం పారదర్శకంగా ఉండే గాజు మీద మొదటి బొమ్మతో కలుస్తుంది. అందుకే మధ్యలో ఉన్న పసుపు మచ్చలో మనిషి ఇద్దరిలా కనిపిస్తాడు. లెన్స్ రింగు తిప్పితే రెండో దారిలోని భాగం దాంతోపాటే కదులుతుంది. రెండు బొమ్మలూ ఒకటైన చోట ఫోకస్ కుదిరినట్టు. దీనికి చిప్ అక్కర్లేదు, బ్యాటరీ కూడా అక్కర్లేదు. 2016లో ఐఫోన్ 7 ప్లస్ రెండు కెమెరాలతో పోర్ట్రెయిట్ మోడ్ తెచ్చినప్పుడు వాడింది కూడా ఈ గెంతు లెక్కే. అక్కడ సాఫ్ట్‌వేర్ చేసే పనిని ఇక్కడ మన కన్ను చేస్తుంది, అంతే తేడా.

1925లో వచ్చిన మొదటి లైకాలో ఈ ఏర్పాటు లేదు. దూరం కొలిచే పరికరాన్ని విడిగా పైన తగిలించుకోవాలి. 1932లో లైకా 2, కాంటాక్స్ వచ్చాక అది లెన్స్‌తో ముడిపడింది. 1954లో ఎం3తో లైకాలో ఫ్రేమూ ఫోకసూ ఒకే కిటికీలో చూసే సౌకర్యం వచ్చింది. ఎస్ఎల్ఆర్‌లోలా లేచి పడే అద్దం లేదు కాబట్టి శబ్దం తక్కువ. 1948లో గాంధీజీ అంత్యక్రియలను ఫొటోలు తీసిన హెన్రీ కార్టియే బ్రెసాఁకి ఇష్టమైన కెమెరా లైకానే.

సరే, మన యాషికా సంగతి. ముందుగా రింగును అనంతం దగ్గర పెట్టి, దూరంగా ఉన్న వాటర్ ట్యాంకు వైపు చూశా. రెండు బొమ్మలూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అంటే అలైన్‌మెంట్ బాగానే ఉంది. కానీ పసుపు మచ్చ బాగా వెలిసిపోయింది, వెతికితే గానీ కనిపించట్లేదు. నా ఇరవై ఎనిమిదేళ్ల కళ్లకే ఇబ్బందైంది!

బయటి గాజులు మెత్తటి గుడ్డతో తుడిచా. లోపలి సగం అద్దాన్ని మాత్రం ముట్టుకోలేదు, రుద్దితే పూత ఊడిపోతుంది. తర్వాత ముందు కిటికీ మధ్యలో నల్ల టేపు చిన్న ముక్క అంటించా. నేరుగా వచ్చే వెలుగు ఆ మధ్యలో ఆగిపోతే, పక్కనుంచి వచ్చే రెండో బొమ్మ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పాతకాలం పాదరసం బ్యాటరీ ఇప్పుడు దొరకదు గానీ, అడాప్టర్‌తో 6 వోల్టులది సరిపోయింది.

పెద్దబాపు కెమెరా కంటికి పెట్టుకుని, అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న పెద్దమ్మ వైపు తిప్పాడు. రింగు మెల్లగా తిప్పుతూ, "కలిసినయ్‌రా!" అన్నాడు. ఆ రోజే 36 ఫొటోలూ అయిపోయాయి.

హైదరాబాద్ వచ్చి ల్యాబ్‌లో ఇస్తే ఫిల్మ్ మొత్తం ఖాళీ. ఫిల్మ్ ఎక్కించింది నేనే. దాని కొస చుట్టుకునే కడ్డీకి పట్టుకోలేదు, ఒక్క ఫ్రేమూ కదల్లేదు. ఈ కెమెరాల్లో లెన్స్‌లోంచి చూడం కాబట్టి, లెన్స్ మూత తీయడం మర్చిపోయినా తెలీదు. అందుకే ఎవరైనా మొదలుపెడితే రెండు గుర్తుంచుకోండి. మూత తీయండి. లీవర్ లాగినప్పుడల్లా ఎడమవైపు రివైండ్ నాబ్ తిరుగుతోందా చూడండి. తిరగకపోతే ఫిల్మ్ కదలట్లేదని అర్థం.

పెద్దబాపుకి ఫోన్ చేయడానికి నాకు రెండ్రోజులు పట్టింది. విషయం చెప్పాక అవతల కాసేపు మాట లేదు.

"అయితే నా కండ్ల తప్పు కాదు గదా?"

"కాదు పెద్దబాపు, నా తప్పే."

"మరింకేంది! వచ్చేటప్పుడు ఇంకో రీల్ పట్కరా."

ఇన్‌స్టా రీల్ కాదు. 36 ఫొటోల రీల్. బ్యాగులో పెట్టేశా.